కరీం మాస్టరు పర్మిట్టు

మొన్న బస్టాండు పక్కన, చెప్పులు కుట్టే దుకాణం ముందు నిలబడి ఉన్నాను. లోపల ఒకాయన గట్టిపడిన పాత బూటుకు ఆముదం పట్టించి బొటనవేలితో రుద్దుతున్నాడు. ఎండకు వెచ్చబడిన తోలు, ఆముదం కలిసిన వాసన ఒక్కసారి ముక్కుకు తగిలింది. నా వెన్ను నిటారైంది, మడమలు రెండూ దగ్గరికి చేరాయి. ఈ వయసులో, నడిబజారులో, కూరగాయల సంచి పట్టుకుని నేను అటెన్షన్‌లో నిలబడ్డాను. అది కరీం మాస్టరు ఫుట్‌బాల్ వాసన. వానాకాలం ముందు బంతికి ఆయనే స్వయంగా ఆముదం పట్టించేవాడు. ఆ పనిని ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

ఆయనను చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను. కరీం మాస్టరు మెదక్ సర్కారు బడిలో డ్రిల్లు మాస్టరు. ఆరడుగుల మనిషి. గంజి పెట్టిన ఖాకీ నిక్కరు, చెవుల దాకా వెళ్ళే మీసం, చర్చి గంటను కూడా మించే గొంతు. మెల్లగా నడవడం ఆయనకు చేతకాదు. జీతం తీసుకోవడానికి కచేరికి వెళ్ళినా, చనిపోయిన వాళ్ళను మట్టి చేయడానికి వెళ్ళినా అదే అడుగు, అదే వేగం. ఆయన వీధిలో వస్తుంటే అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళు కూడా కాళ్ళు దగ్గరికి తీసుకునేవారు.

మాది ఎల్దుర్తి దిక్కున ఒక ఊరి దేశ్‌ముఖ్‌ల ఇల్లు. నేను చదువు కోసం మెదక్ వచ్చిన నాటికే మా ఇంటి పైకప్పు కురుస్తోంది, కానీ ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని మా నాయిన పట్టుదల. నా పుస్తకాలు మోయడానికి ఒక మనిషి, గొడుగు పట్టడానికి ఒక మనిషి ఉండేవారు. మొదటి రోజు డ్రిల్లు తరగతిలో అందరూ మైదానం చుట్టూ పరుగెత్తుతుంటే నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఏమైంది?" అని మాస్టరు అడిగాడు. దేశ్‌ముఖ్‌ల కొడుకులు ఉరకరని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి మీసం సవరించుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు చిన్న దొరా. ఉరికే పని లేని జాగ ఒకటున్నది. గాడ నిలబడితె చాలు."

అలా నన్ను తీసుకెళ్ళి రెండు వెదురు బొంగుల మధ్య గోలు కాపలాకు నిలబెట్టాడు. బంతులు నా పక్కనుంచి పోతున్నాయి. నేను నిటారుగా నిలబడే ఉన్నాను. పిల్లలు నవ్వుతున్నారు. ఒకటి, ఇంకొకటి, మరొకటి. చివరికి ఏమయిందో నాకే తెలియదు, ఒంట్లో ఏదో తెగినట్టయి పక్కకు దూకాను. బురదలో పొర్లాను. లేచి చూస్తే బంతి నా రొమ్ము మీద ఉంది. మా వంశంలో అంత సంతోషం అంతకు ముందు ఎవరికైనా కలిగిందో లేదో. మాస్టరు వచ్చి నా చొక్కా మీది మట్టిని దులపబోయిన మనిషిని ఆపాడు. "ఉండనియ్యి. గిప్పుడె జర మనిషి లెక్క కనబడుతుండు" అన్నాడు. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే మా నాయిన వాణ్ణి గడి ముందు నిలబెట్టేవాడు. నేను ఆ మాటను ఇంట్లో చెప్పలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను.

తరువాత రోజులు తిరగబడ్డాయి. ఊళ్ళలో దొరలకు ఎదురు తిరిగిన సంఘం వాళ్ళు గడుల మీదికి వస్తున్నారు, ఇంకో దిక్కు నుంచి రజాకార్లు వస్తున్నారు. నేను హైదరాబాదులో వకీలు చదువులో ఉన్నాను. నాయిన ముందుగానే హైదరాబాదు చుట్టాల ఇంటికి చేరాడు. అమ్మ మాత్రం గడిని వదలనని కూర్చుంది. ఆ సంగతి విని కరీం మాస్టరు ఎవరూ పంపకుండానే బండి కట్టుకుని పట్టపగలు మా ఊరికి వెళ్ళి, అమ్మను, ఇంటి ముసలి దాసిని ఎక్కించుకుని మెదక్‌లోని మా చిన్న ఇంటికి చేర్చాడు. దారిలో అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఆపారట. ఇద్దరి వైపూ ఆయన శిష్యులే ఉన్నారట. "తుపాకులు నేర్చుకున్నరు గాని లైనుల నిలబడుడు ఇంక రాలె" అని వాళ్ళను తిట్టి వచ్చాడని ఊరంతా చెప్పుకున్నారు. మా తాత తుపాకిని మాత్రం సంఘం వాళ్ళు గుంజుకుపోయారని అమ్మ చెప్పింది. మేమంతా నమ్మాం.

పోలీసు చర్య అయిపోయింది. నాయిన హైదరాబాదులోనే పోయాడు. నేను చదువు మధ్యలో ఆపి మెదక్ వచ్చాను. అప్పటికి కరీం మాస్టరు ఊళ్ళో లేడు. ఆయన చెల్లెలి మొగుడు కరాచీకి వెళ్ళిపోయి, భార్యను పంపమని కబురు పెట్టాడు. ఆమెను దింపి రావడానికి మాస్టరు వెళ్ళాడు. వెళ్ళేసరికి సర్కారు కొత్త కట్టుబాటు పెట్టింది: అటు పోయిన వాళ్ళు తిరిగి వచ్చి ఇక్కడ ఉండాలంటే పర్మిట్టు కావాలి. పుట్టిన ఊరికి రావడానికి ఆయన కరాచీలో కచేరీల చుట్టూ తిరిగి, నెలల తరువాత ఆ పర్మిట్టు సంపాదించుకుని వచ్చాడు. వచ్చిన రోజు సాయంత్రమే మైదానంలో ఈల వినిపించింది. చదువు వదిలేసిన వాళ్ళు, పని మీద పోతున్న వాళ్ళు, మిషన్ బడి పిల్లలు, అందరం ఆ ఈల దిక్కు ఉరికాం. నేనూ ఉరికాను.

అటునుంచి వచ్చిన వాళ్ళ ఇళ్ళన్నీ పోలీసులు సోదా చేశారు. కరీం మాస్టరు ఇంటి కప్పులో, వెదురు వాసాల మధ్య, బొంతలో చుట్టిన తుపాకి దొరికింది. ఆయుధాలన్నీ అప్పజెప్పాలని అప్పటికే హుకుం ఉంది. మునసబు కోర్టులో నిలబెట్టి ఎవరిదని అడిగితే "నా ఇంట్ల దొరికింది, జిమ్మేదారి నాదే" అన్నాడు. అంతకు మించి నోరు విప్పలేదు. కొద్దిపాటి జుర్మానా వేసి, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోమని శిక్ష వేశారు. నవ్వుతూ బయటికి వచ్చాడు. "మా డ్రిల్లు క్లాసుల దీనికంటె ఎక్కువ శిక్ష ఉంటది" అన్నాడు. ఊరంతా ఆ మాటకు నవ్వి, ఆ సంగతిని మరిచిపోయింది.

మరిచిపోనిది సర్కారే. ఒక సాయంత్రం మిషన్ బడి జట్టుతో ఆట మంచి పట్టులో ఉండగా ఒక జవాను మైదానం మధ్యకు వచ్చి మాస్టరు చేతికి కాగితం ఇచ్చాడు. నేరం రుజువై శిక్ష పడిన మనిషి కనుక పర్మిట్టు రద్దయింది, నెలలోపల దేశం విడిచి వెళ్ళాలి. మాస్టరు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. జవానును చూసి "నువ్వు ఆఫ్‌సైడుల ఉన్నవ్, జర పక్కకు జరుగు" అని ఈల ఊదాడు. ఆట చివరి దాకా ఆడించాడు. ఆట అయ్యాక నేను కాగితం అడిగి చదువుతుంటే ఆయన బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. వేళ్ళు ముడిని పట్టుకోలేకపోతున్నాయి. ఆ ఒక్కటే నేను చూసిన భయం.

అప్పీలుకు దారి ఉంది. రద్దు హుకుం మీద పునర్విచారణ చేసే పై అధికారి జిల్లాలు తిరిగే దౌరా మీద మెదక్ వస్తున్నాడని, డాక్ బంగళాలో అర్జీలు వింటాడని తెలిసింది. అర్జీ నేనే రాశాను. నా చదువు సగమే అయినా నా చేతిరాత పూర్తిదే. మాస్టరును కూర్చోబెట్టి అడిగాను. "తుపాకి ఎవరిదో చెప్తే బయటపడతారు, మాస్టర్ సాబ్. అమానత్ అని నాకు తెలుసు. ఎవరిది?"

"అమానత్ అని తెలిసినంక ఎవరిదని అడుగుతవా?"

"మిమ్మల్ని సరిహద్దు దాటిస్తారు."

"గోలు కాసెటోడివి, నువ్వు బంతిని చూడు. నన్ను చూడకు."

ఎవరైనా మనల్ని నమ్మి ఇచ్చింది అమానత్తు. ఇచ్చిన చెయ్యే వచ్చి అడిగితే తప్ప వస్తువూ కదలకూడదు, మాటా కదలకూడదు. మా దిక్కున హిందువైనా తురకైనా అందరికీ ఈ కట్టు తెలుసు. దీని మీద ఆయనతో వాదించడం దండగ.

అధికారి వచ్చిన రోజు డాక్ బంగళా ముందు మా జట్టు మొత్తం నిలబడింది. మిషన్ బడి జట్టూ వచ్చింది. వాళ్ళ కెప్టెన్ జేకబ్, వడ్రంగి కొడుకు, మాకు బద్ధవిరోధి. "మీ మాస్టరు పోతె మీ జట్టుండదు, ఇగ మేం ఎవర్ని ఓడియ్యాలె" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి అర్జీదారు పక్షాన నిలబడ్డాను. అధికారి కోస్తా దిక్కు సర్కారు జిల్లాల మనిషి, కొత్తగా వచ్చాడు. మర్యాదస్తుడు, కానీ తొందరలో ఉన్నాడు. సాయంత్రానికి ఆయన జీపు వెళ్ళిపోతుంది. పోలీసులు సాక్ష్యంగా తుపాకిని తెచ్చి బల్ల మీద పెట్టారు.

నేను చూశాను. పిడి చెక్క మీద ఇత్తడి పట్టీ. పట్టీ అంచున, మా తాత వేటలో గుర్రం మీద నుంచి పడ్డప్పుడు పడిన సొట్ట. నేను పసితనంలో వేలితో తడిమిన సొట్ట.

"అయ్యా, ఇది మా ఇంటి తుపాకి" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "లైసెన్సు మా నాయినది. వారసుణ్ణి నేను. ఈయన మా కోసం దాచాడు."

అధికారి మాస్టరు వైపు తిరిగాడు. "నిజమేనా?"

కరీం మాస్టరు అటెన్షన్‌లో ఉన్నాడు. నా వైపు చూడలేదు. "అబద్ధం, సాబ్. పిలగానికి నా మీద మొహబ్బత్ ఎక్కువ. నన్ను బచాయించనీకి చెప్తుండు."

గదిలో అందరూ నా వైపు చూశారు. అబద్ధాలకోరుగా నిలబడటం మా ఇంట్లో నాకెవరూ నేర్పలేదు. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను భోజనానికి లేస్తున్నాను. వచ్చాక హుకుం రాస్తాను. అంతలోపల చెప్పవలసింది ఏమైనా ఉంటే, చెప్పవలసిన వారు చెప్పండి" అన్నాడు.

చెప్పవలసిన వారు. ఆ మాట వినగానే నాకు అర్థమైంది. తుపాకి పోయేనాటికి నాయిన ఊరు విడిచి ఉన్నాడు. గడిలో మిగిలిన ఇంటి మనిషి అమ్మ ఒక్కతే. నేను బంగళా మెట్లు దూకాను. మెదక్ బజారులో ధోవతి ఎగగట్టుకుని, చెప్పులు చేతపట్టుకుని ఉరికాను. కల్లు దుకాణం ముందు ఎవరో "దొర ఉరుకుతుండురా, ఊరికి ఏమొచ్చె" అన్నారు. నా వెనక రెండు జట్లూ ఉరుకుతున్నాయి. నేను ఆగలేదు.

అమ్మ వంటింట్లో బియ్యం చెరుగుతోంది. తుపాకి అనగానే చాట కింద పెట్టింది.

"బండెక్కిన నాడు మాస్టరుకు నేనే ఇచ్చిన. ఎవ్వరికి చెప్పకు, నా కొడుక్కు సుత చెప్పకు అని జబాన్ తీసుకున్న. నీ చేతిల పడితె నువ్వు అటో ఇటో తుపాకి పట్టుకోని పోతవని భయం. సర్కారుకు అప్పజెప్పిండనుకున్న బిడ్డా. ఇంక ఇంట్లనె ఉన్నదా?"

అమ్మ అడిగితే తప్ప కదపకూడదని ఆయన. ఆయన ఎప్పుడో అప్పజెప్పి ఉంటాడని అమ్మ. ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నారు. తుపాకి ఊసెత్తడం మర్యాద కాదని ఇద్దరూ ఊరుకున్నారు.

"ఆయనను దేశం నుంచి పంపేస్తున్నారమ్మా."

"నాకెవరు చెప్పిండ్రు? కచేరి ముచ్చట్లు ఆడోల్లకు చెప్పద్దని మీ తాత పెట్టిన పద్ధతాయె." అమ్మ లేచింది. "నువ్వు చెప్తె ఒప్పుకోడు. నేనే రావాలె."

అమ్మ అప్పటి దాకా పగటి పూట వీధిలో కాలు పెట్టింది లేదు. పరదా బండిలో కదలడమే తప్ప వేరే ఎరగదు. ఆ బండి, ఆ ఎడ్లు ఎప్పుడో అమ్ముడుపోయాయి. మునుపు దొరసాని నాలుగడుగులు వేయాల్సి వస్తే పనివాళ్ళు రెండు పక్కలా గుడ్డ పట్టుకునేవారు. ఇప్పుడు పనివాళ్ళూ లేరు. గుమ్మం బయట జేకబ్ రొప్పుతూ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"దొరసానమ్మా, ఒక దుప్పటి ఇయ్యుండ్రి. మేం పట్టుకుంటం."

రెండు దుప్పట్లు ఇచ్చాం. ఇటు మా జట్టు, అటు మిషన్ జట్టు. పొడుగువాడి పక్కన పొట్టివాడు ఉండటంతో పరదా అలలు అలలుగా లేచి పడుతోంది. గాలికి ఒక కొస ఎగిరితే నలుగురు దాని మీద పడుతున్నారు. "పాసియ్యి, కొస పాసియ్యి" అని కేకలు. బజారులో మనుషులు మర్యాదగా గోడ వైపు తిరిగారు. ఒక తాత మాత్రం తిరగలేదు. "ఏందిర, పెండ్లి ఊరేగింపా?" అన్నాడు.

"ఫైనల్ మ్యాచ్ తాతా. జర తొవ్వియ్యి" అన్నాడు జేకబ్.

లోపల అమ్మ నవ్విన చప్పుడు విన్నాను. నాయిన పోయిన తరువాత అమ్మ నవ్వడం అదే మొదలు. నేను ముందు నడుస్తూ "తొలగండి, తొలగండి" అంటున్నాను. మునుపు మా నాయిన ముందు నడిచే మనిషి అనే మాట అది.

అధికారి అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బంగళా వాకిట్లో దుప్పట్ల గోడ ఆగగానే లేచి నిలబడ్డాడు. పోలీసులు పక్కకు జరిగారు. అమ్మ గొంతు మెల్లగా, ఒక్కొక్క మాటగా వినిపించింది.

"కరీం, ఉన్నవా?"

మాస్టరు ముఖం తెల్లబడింది. "ఉన్న, దొరసానమ్మా."

"నీ దగ్గర పెట్టిన సామాను నాకు వాపసియ్యి. తీసుకున్న జబాన్ సుత వాపసిస్తున్న. ఇగ నీ మీద బరువు లేదు."

ఆయన ఛాతీ ఒక్కసారి కిందికి దిగింది. అంతకాలం ఆయన ఊపిరి బిగపట్టే ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. "తీసుకోండ్రి" అని, అధికారి వైపు తిరిగాడు. "ఇప్పుడు అడుగుండ్రి సాబ్. అన్ని చెప్త."

"ఇందాక ఆ అబ్బాయి ఇదే చెబితే అబద్ధమన్నారు కదా" అన్నాడు అధికారి.

"పిలగానికి ఏం తెల్వది సాబ్. తెల్వని సంగతి చెప్తె అబద్ధమే కద. నిజమయిందంటె వాని అదృష్టం."

అధికారి పెదవి కదిలింది. పరదా వైపు చూసి, ఆయుధం అప్పజెప్పకపోవడం ఆమె వైపు నుంచి కూడా తప్పేనని మర్యాదగా చెప్పాడు. "జుర్మానా ఎయ్యుండ్రి" అంది అమ్మ. "కట్టనీకి మా దగ్గర ఏం లేదు. తుపాకినే తీసుకోండ్రి. దాని పని అయిపోయింది." అధికారి తుపాకిని పోలీసుల వైపు జరిపాడు. తరువాత మాస్టరును అడిగాడు. చెల్లెలు అక్కడ ఉంది, ఉద్యోగం దొరుకుతుంది, ఇక్కడే ఉండాలని ఇంత పట్టు ఎందుకు అని.

మాస్టరు దుప్పట్లు పట్టుకున్న రెండు జట్లనూ చూపించాడు. "చూడుండ్రి సాబ్. గింత మందిల ఒక్కనికి సుత ఎడమ కాలుతోని తన్నరాదు. ఎట్ల వదిలిపెట్టి పోవాలె?"

రద్దు హుకుం అమలు ఆపుతున్నట్టు అధికారి అక్కడికక్కడే రాశాడు. శిక్ష మీద జిల్లా కోర్టుకు అప్పీలు వెళ్ళింది, అమ్మ వాంగ్మూలంతో శిక్ష కొట్టేశారు. ఆ తరువాత పర్మిట్టు తిరిగి నిలబడింది. ఇదంతా కొన్ని నెలలు పట్టింది, కానీ మాకు ఆ మధ్యాహ్నమే గెలిచినట్టు. వాకిట్లో పిల్లలు అరిచిన అరుపుకు చర్చి గోపురం మీది పావురాలన్నీ లేచాయి.

తిరుగు దారిలో బజారు మొదట్లో అమ్మ ఆగింది. దుప్పట్లు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి, ఎండ మండుతోంది. "దించుండ్రి బిడ్డా, చేతులు నొస్తయి" అంది. జేకబ్ నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. దుప్పట్లు దిగాయి. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, మెదక్ బజారు మధ్యలోంచి, నిటారుగా, ఇంటి దాకా నడిచింది. కరీం మాస్టరు వెనక చాలా దూరంలో, జీవితంలో మొదటిసారి మెల్లగా నడుస్తూ వచ్చాడు, ఆమె అడుగును దాటకుండా.

నేను చదువు పూర్తి చేసి మెదక్‌లోనే వకీలునయ్యాను. కరీం మాస్టరు చాలా ఏళ్ళు డ్రిల్లు చెప్పి, ఈ మట్టిలోనే పండుకున్నాడు. మా ఇంటి మర్యాద సంగతి అడిగేవాళ్ళకు నేను గడి గురించి చెప్పను, పోయిన భూముల గురించీ చెప్పను. నా పనిలో మాత్రం ఒక అలవాటు మిగిలింది. నోరు విప్పని ముద్దాయిని తోటి వకీళ్ళు మొండివాడంటారు, గద్దిస్తారు, బతిమాలుతారు. నేను ఆ పని చేయలేదు. మౌనంగా ఉన్న మనిషి వెనక వాడిని విడిపించగలిగే ఇంకో మనిషి ఎక్కడో బియ్యం చెరుగుతూ ఉంటుంది, ఆమెకు ఎవరూ కబురు చెప్పి ఉండరు. నేను వకాలతు మానేయడానికి కొద్ది రోజుల ముందు అల్లాదుర్గ్ దిక్కు గొల్లాయన ఒకడు పోలీసు హవాలాతులో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎవరడిగినా మాటే లేదు. నేను కటకటాల ముందు నేల మీద కూర్చున్నాను.

"ఏం జరిగిందో నాకు చెప్పకు. ఎవరికి మాటిచ్చినవో అది చెప్పు" అన్నాను.

చాలాసేపటికి తిరిగి చూశాడు. "మా వదినెకు" అన్నాడు.

"ఇల్లెక్కడ?" అని అడిగి, లేచి చెప్పులేసుకున్నాను.